తాళం చెవి ఎవరి దగ్గర ఉంది?

ఆ మధ్య సిరొంచ ప్రాంతంలో తిరుగుతూ ఒక ఆడపిల్లల హాస్టల్లో ఒక రాత్రి ఆగాం. పేరు చెప్పం. చెప్పనవసరం లేదు కూడా, ఎందుకంటే ఇలాంటివి గోదావరికి ఇటూ అటూ ఎన్నో ఉన్నాయి. కొన్ని ప్రభుత్వానివి, కొన్ని ట్రస్టులవి, కొన్ని మన సంఘాలవి.

తొమ్మిదిన్నరకు ప్రార్థన ముగిసింది. ముప్పై మందికి పైగా పిల్లలు ఒకే హాల్లో చాపలు పరుచుకున్నారు. గోడ పొడవునా ట్రంకు పెట్టెలు, తాళ్ళ మీద ఆరని బట్టలు, వాటి కింద దోమతెరలు. మూలన ఒకే ప్లగ్గుకు రెండు ఎమర్జెన్సీ లైట్లు, ఒక ఛార్జరు వేలాడుతున్నాయి. గుమ్మం పక్కన దోమల బత్తి వెలుగుతోంది. కిటికీలకు ఇనుప ఊచలు. ఉన్నది ఒకటే తలుపు, దాని ముందు గ్రిల్ గేటు. పిల్లలు పడుకోగానే ఆయమ్మ ఆ గేటుకు బయటి నుంచి తాళం వేసి, చెవి తీసుకెళ్ళి వార్డెన్ గారికి ఇచ్చింది. వార్డెన్ గారి ఇల్లు ఆవరణకు అవతలి కొసన ఉంది.

"రాత్రి నిప్పంటుకుంటే ఎలాగండీ?" అని అడిగాం.

"దేవుడున్నాడు కదండీ" అన్నారు.

ఆమె మంచి మనిషి. పిల్లలను కన్నబిడ్డల్లా చూస్తారు. అందుకే ఈ మాటలు రాయాలనిపించింది. చెడ్డవాళ్ళ నిర్లక్ష్యం గురించి అందరూ రాస్తారు. మంచివాళ్ళ నిర్లక్ష్యం గురించి, మన నిర్లక్ష్యం గురించి, మనమే మాట్లాడుకోవాలి.

నదికి అవతల జరిగింది

ఇది ఊహించుకున్న భయం కాదు. సిరొంచ తాలూకాకు తూర్పున ఇంద్రావతి నది. పాతగూడెం దగ్గర వంతెన దాటితే ఛత్తీస్‌గఢ్‌లోని బీజాపూర్ జిల్లా. మన చుట్టాలున్న జిల్లా, తెలుగు వినిపించే జిల్లా. 2024 మార్చిలో ఆ జిల్లాలోని చింతకొంటలో బాలికల ఆశ్రమ బడి ఒకటి రాత్రిపూట తగలబడింది. అది పక్కా భవనం కాదు. వెదురు పలకలతో కట్టిన పోర్టా క్యాబిన్. సల్వాజుడుం కాలంలో ఊళ్ళలోని బడి భవనాలు నేలమట్టమైన తరువాత, తాత్కాలికమని కట్టినవి ఆ క్యాబిన్లు. తాత్కాలికం కాస్తా ఏళ్ళ తరబడి నిలిచిపోయింది. ఆ రాత్రి సిబ్బంది, ఊరివాళ్ళు కలిసి వందల మంది ఆడపిల్లలను బయటికి లాగారు. కానీ ఒక నాలుగేళ్ళ పాప మిగిలిపోయింది. ఆ పాప ఆ బడి విద్యార్థిని కూడా కాదు. అక్కడ చదువుతున్న తన వాళ్ళ దగ్గరకు వచ్చింది. హాజరు పట్టీలో పేరు లేని పసిబిడ్డ.

మన నాగపూర్ డివిజన్‌లోనే ఉన్న భండారాను కూడా గుర్తు చేసుకుందాం. 2021 జనవరి 9, తెల్లవారుజామున జిల్లా ప్రభుత్వ ఆసుపత్రి నవజాత శిశువుల వార్డులో మంటలు లేచాయి. 17 మంది పసికందుల్లో 7గురిని బయటికి తెచ్చారు. 10 మంది చనిపోయారు. బిడ్డలను వెచ్చగా ఉంచే వార్మర్ యంత్రం దగ్గరే నిప్పు పుట్టిందని విచారణ చెప్పింది. ఆ ఆసుపత్రికి అగ్నిమాపక శాఖ అనుమతి పత్రం లేదని, మంటలార్పే వ్యవస్థ కోసం పంపిన ప్రతిపాదన కార్యాలయాల్లో నలుగుతోందని అప్పుడు పత్రికలు రాశాయి. ఆ తరువాత ఏం జరిగింది? సివిల్ సర్జన్‌ను సస్పెండ్ చేశారు. పోలీసుల క్రిమినల్ కేసు మాత్రం ఇద్దరు నర్సుల మీద పడింది.

నర్సుల తప్పు ఉందా లేదా అన్నది కోర్టు తేల్చాల్సిన మాట. మనం అడగాల్సింది వేరే ఉంది. ఆ ఫైలు ఎవరి బల్ల మీద ఆగింది? ఆ భవనం ఎవరి చేతిలో ఉంది? చివరి మెట్టు మీద నిలబడ్డ మనిషిని పట్టుకుని, మేడ కట్టినవాణ్ణి వదిలేయడం మన దేశంలో పాత అలవాటు. పొద్దున్నే వాచ్‌మన్ దొరుకుతాడు, ఆయమ్మ దొరుకుతుంది, నర్సు దొరుకుతుంది. యజమాని మాత్రం ఊళ్ళో లేడంటారు.

చట్టం ఎవరి పేరు రాసింది

చట్టం మాత్రం ఆ పేరు స్పష్టంగానే రాసింది. మహారాష్ట్ర అగ్ని నివారణ, ప్రాణరక్షణ చర్యల చట్టం 2006లో చేశారు. 2008 డిసెంబరు నుంచి అమల్లో ఉంది. దాని 3వ సెక్షను బాధ్యతను ఎక్కడ పెట్టిందో యౌవనస్థులు జాగ్రత్తగా గమనించాలి. కట్టినవాడు, యజమాని, అందులో ఉండి నడుపుతున్నవాడు, లేదా ఏ పేరుతో పిలిచినా సరే ఆ స్థానంలో ఉన్నవాడు, వీళ్ళంతా నేషనల్ బిల్డింగ్ కోడ్ ప్రకారం అగ్ని భద్రత ఏర్పాట్లు చేసి తీరాలి. పేరు మార్చుకుంటే బాధ్యత పోదు. ట్రస్టు అనండి, సొసైటీ అనండి, డయోసిస్ అనండి, పాస్టరేట్ కమిటీ అనండి, ప్రాజెక్టు ఆఫీసు అనండి. భవనం తాళాలు ఎవరి గుప్పిట్లో ఉన్నాయో వాళ్ళే.

ఒకసారి పెట్టి మరిచిపోతే సరిపోదని కూడా ఆ చట్టమే చెప్పింది. పెట్టిన పరికరాలు పనిచేస్తున్నాయని లైసెన్సు ఉన్న ఏజెన్సీతో పరీక్ష చేయించి, ఏటా రెండుసార్లు, జనవరిలో ఒకటి, జూలైలో ఒకటి, అధికారికి ధ్రువపత్రం ఇవ్వాలి. చట్టం మీరితే 6 నెలలకు తగ్గకుండా 3 ఏళ్ళ దాకా జైలు, 20,000 రూపాయలకు తగ్గకుండా జరిమానా అని రాసింది. ప్రాణం పోతే భారతీయ న్యాయ సంహితలోని 106వ సెక్షను, నిర్లక్ష్యం వల్ల మరణానికి కారణమైన నేరం, వేరుగా ఉండనే ఉంది.

నేషనల్ బిల్డింగ్ కోడ్ పెద్ద గ్రంథం. అందులో రెండు మాటలు మనకు చాలు. ఒకటి, 50 మంది, అంతకు మించి ఆరాధనకో, సభకో, వేడుకకో కూడే చోటును అది సభా భవనంగా లెక్క కడుతుంది. మన మందిరం ఆ లెక్కలోదే. రెండు, బయటికి దారి తీసే తలుపు లోపలివాళ్ళు తాళం చెవి అవసరం లేకుండా తెరుచుకోగలిగేలా ఉండాలి. ఈ ఒక్క నియమం ముందు ఆ హాస్టల్ గ్రిల్ గేటు తప్పుగా నిలబడింది. దానికి ఇంజనీరు అక్కరలేదు, ఏజెన్సీ అక్కరలేదు. చూస్తే తెలుస్తుంది.

సుప్రీంకోర్టు కూడా మాట్లాడింది. 2004 జూలై 16న తమిళనాడు కుంభకోణంలో ఒక బడి వంటగది నుంచి ఆకుల కప్పుకు నిప్పంటుకుని 94 మంది పిల్లలు చనిపోయారు. ఆ తరువాత వేసిన అవినాశ్ మెహరోత్రా కేసులో 2009 ఏప్రిల్ 13న కోర్టు తీర్పునిచ్చింది. చదువు హక్కు అంటే భద్రత ఉన్న బడిలో చదివే హక్కు అని చెప్పింది. ప్రతి బడిలో మంటలార్పే పరికరాలుండాలి, టీచర్లకు, సిబ్బందికి వాటిని వాడడం నేర్పాలి, భవనం సురక్షితమని చూసిన తరువాతే గుర్తింపు ఇవ్వాలి అంది. ప్రభుత్వ బడి, ప్రైవేటు బడి, మిషన్ బడి అని అందులో తేడా లేదు.

మనం చెప్పుకునే సాకులు

ఈ మాటలు సంఘ పెద్దల దగ్గర ఎత్తినప్పుడు మాకు వచ్చే జవాబులు దాదాపు ఒకటే.

"ఆ చట్టం ముంబయి మేడలకు, మన రేకుల షెడ్డుకు కాదు." మంటకు అంతస్తుల లెక్క తెలియదు. చింతకొంట క్యాబిన్ ఆకాశహర్మ్యం కాదు. సికింద్రాబాదు బోయిగూడలో 2022 మార్చి 23న తుక్కు గోదాము తగలబడి పైన పడుకున్న 11 మంది బీహారు కూలీలు చనిపోయారే, అదీ ఆకాశహర్మ్యం కాదు. వాళ్ళకున్న దారి ఒక ఇరుకు చుట్టుమెట్లు, ఆ మెట్లు దిగేది మంటలున్న చోటుకే.

"భవనం మాది కాదు, అద్దెది." విజయవాడలో 2020 ఆగస్టు 9న కోవిడ్ రోగులున్న హోటల్లో మంటలు లేచి 10 మంది చనిపోయినప్పుడు కూడా ఇదే వాదన నడిచింది. భవనం హోటలువాళ్ళది, నడిపింది ఒక ఆసుపత్రి. మీదంటే మీదని తోసుకున్నారు. అది ఆంధ్రప్రదేశ్, అక్కడి చట్టం పేరు వేరు. మన మహారాష్ట్ర చట్టంలో ఆ సందుకు చోటే లేదు. యజమానీ బాధ్యుడే, నడిపేవాడూ బాధ్యుడే. అద్దె గదిలో ఆదివారం ఆరాధన పెట్టుకున్న చిన్న సంఘానికీ ఇది వర్తిస్తుంది.

"ఆడపిల్లలండీ, తాళం వేయకపోతే ఎలా?" ఈ ప్రశ్న నిజమైనది. దీన్ని కొట్టిపారేయం. పిల్లలను పంపిన తల్లిదండ్రుల భయం మాకు తెలుసు. కానీ భద్రత పేరుతో బిడ్డను లోపల పెట్టి, బయటికి వచ్చే దారి మూసి, చెవి ఇంకో ఇంట్లో పెట్టడం భద్రత కాదు. బయటివాడు లోపలికి రాకూడదు, లోపలి బిడ్డ బయటికి రాగలగాలి. దానికి లోపలి గడియ ఉంది. అదే గదిలో పడుకునే పెద్దామె ఉంది. గేటు లోపలి పక్కన మేకుకు తగిలించిన రెండో తాళం చెవి ఉంది. రెండో తలుపు ఉంది. ఇవేవీ కోట్లు అడిగేవి కావు. ప్రహరీ గోడకు కాపలా పెట్టండి, పిల్లలు నిద్రపోయే గదికి కాదు.

"డబ్బు లేదు." క్రిస్మస్‌కు స్టేజీకి ఉంటుంది, సౌండుకు ఉంటుంది, ముఖద్వారానికి గ్రానైటుకు ఉంటుంది. కొన్ని వేల రూపాయల సిలిండరుకు ఉండదు. తాళం తీయడానికైతే అసలు పైసా అక్కరలేదు.

చివరిది, అన్నిటికంటే బరువైనది. "అంతా దేవుని చిత్తం."

పిట్టగోడ ఆజ్ఞ

సహోదరీ సహోదరులారా, ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయం 8వ వచనం తీసి చదవండి. అది బైబిల్లోని భవన నిర్మాణ చట్టం. కొత్త ఇల్లు కట్టేవాడు మేడ చుట్టూ పిట్టగోడ కట్టాలి. కట్టకపోతే, పైనుంచి ఎవరైనా పడి చనిపోతే, ఆ రక్తాపరాధం ఆ ఇంటి మీద ఉంటుంది. గమనించండి, అక్కడ పడినవాడు చూసుకోవాల్సిందని లేదు. పనివాడు కాచుకోవాల్సిందని లేదు. దేవుని చిత్తమని అసలే లేదు. ఇల్లు ఎవరిదో బాధ్యత వారిదని ఉంది. పడకముందే గోడ కట్టమని ఉంది. మహారాష్ట్ర శాసనసభ 2006లో రాసిన దాని సారం మోషే ధర్మశాస్త్రంలో ఎప్పుడో ఉంది.

నిర్గమకాండము 21వ అధ్యాయంలో పొడిచే ఎద్దు సంగతీ అంతే. అది పొడుస్తుందని ముందే తెలిసి, హెచ్చరిక విని కూడా కట్టేయని యజమానికి శిక్ష వేరు, ఏమీ తెలియని యజమానికి వేరు. కుంభకోణం తరువాత, భండారా తరువాత, చింతకొంట తరువాత మాకు తెలియదని చెప్పే అర్హత మనకు ఉందా? మనం హెచ్చరిక విన్న యజమానులం.

సిలోయములో గోపురం కూలి 18 మంది చనిపోయినప్పుడు, వాళ్ళు మిగతావాళ్ళకంటే పాపులేమీ కాదని యేసు ప్రభువు లూకా 13లో తేల్చి చెప్పాడు. చనిపోయినవాళ్ళ మీద తీర్పు చెప్పడం మానమన్నాడు, బ్రతికున్నవాళ్ళను మారుమనస్సు పొందమన్నాడు. మనకు ఆ మారుమనస్సు తాళం దగ్గర మొదలవ్వాలి. నిర్లక్ష్యంతో పోయిన ప్రాణాన్ని దేవుని ఖాతాలో రాయడం విశ్వాసం కాదు. అది దేవుని మీద అబద్ధ సాక్ష్యం.

సిరొంచకు ఇది ఇంకా ఎందుకు ముఖ్యం

నగరంలో మంట లేస్తే కాసేపటికైనా ఫైరింజను వస్తుంది. సిరొంచ నుంచి జిల్లా కేంద్రం గడ్చిరోలి సుమారు 200 కిలోమీటర్లు. ఆలాపల్లి దాకా అడవి రోడ్డు. వానాకాలంలో వాగులు పొంగితే ఊళ్ళు రోజుల తరబడి విడిపోతాయి. ఇటు ప్రాణహిత, అటు గోదావరి, ఇంకో పక్క ఇంద్రావతి. మూడు నదుల మధ్య ఉన్నాం, మంట ఆర్పే నీటి ట్యాంకరు మాత్రం గుమ్మం దగ్గర లేదు. దుప్పట్లు, బట్టలు నిండిన గదిలో పొగ కమ్ముకోవడానికి పట్టేది నిమిషాలు. మనిషిని ముందు చంపేది మంట కాదు, పొగ. ఆ నిమిషాల్లో అంకీసకో, ఆసరెల్లికో ఎవరు వస్తారు? ఇక్కడ నివారణే మన ఫైరింజను. అది లేకపోతే ఇంకేమీ లేదు.

భాష అడ్డం ఇంకొకటి. చట్టం మరాఠీలో, ఇంగ్లీషులో ఉంది. నోటీసు మరాఠీలో వస్తుంది. ఇంట్లో తెలుగు, మందిరంలో తెలుగు మాట్లాడే వార్డెన్, వంటమనిషి, సంఘ పెద్ద వాటిని చదవలేక సంతకం పెడతారు. బ్రిటిష్ కాలంలో ఒక జిల్లాకు కేంద్రంగా ఉన్న ఊరు సిరొంచ. ఈనాడు అన్ని కార్యాలయాలకూ దూరపు చివర. మేడిగడ్డ బ్యారేజీ నీళ్ళు పొలాల్లోకి వచ్చినప్పుడు కూడా మన రైతులు రెండు రాష్ట్రాల మధ్య ఇలాగే తిరిగారు. సరిహద్దున ఉన్నవాళ్ళ గోడు ఎవరి జాబితాలోనూ ఉండదు. అందుకే మన జాబితా మనమే రాసుకోవాలి.

ఒక భయం గురించి నిజాయితీగా

మా మిత్రులు కొందరు నెమ్మదిగా ఒక మాట అంటారు. "మీరు ఇది ఎత్తితే, పత్రాలు లేవని మన మందిరాలు, హాస్టళ్ళు మూయిస్తారు. వాళ్ళు వెతుకుతున్నది ఇలాంటి సాకే." ఈ భయం గాలిలోంచి పుట్టలేదు. చట్టాన్ని కొందరి మీద గట్టిగా, కొందరి మీద మెత్తగా వాడడం ఈ దేశంలో మైనారిటీలకు, దళితులకు, ఆదివాసీలకు తెలిసిన అనుభవమే. అలా జరిగితే ఎదిరించి నిలబడతాం.

కానీ ఆ భయానికి మూల్యం ఎవరు చెల్లిస్తున్నారు? కమిటీలో కూర్చున్న మనం కాదు. తాళం లోపల పడుకున్న ఆ ఆదివాసీ, దళిత ఆడపిల్ల. మన సంస్థను కాపాడుకోవడానికి ఆమె ప్రాణాన్ని పణంగా పెట్టే హక్కు మనకు ఎవరిచ్చారు? పైగా, ముందే సరిచేసుకుని పత్రం చేతిలో పట్టుకున్నవాడికే అధికారి కళ్ళలోకి చూసి మాట్లాడే ధైర్యం ఉంటుంది. మన ఇల్లు సరిగా ఉంటేనే "మీ ఆశ్రమశాల సంగతేమిటి?" అని ప్రభుత్వాన్ని అడగగలం. ఆ పిల్లల్లో ఎక్కువ మంది ఉన్నది ప్రభుత్వ ఆశ్రమశాలల్లోనే కదా.

ఇక చేయాల్సింది

సంఘ కమిటీలను అడుగుతున్నాం. వచ్చే సమావేశంలో మొదటి అంశంగా ఇది పెట్టండి. పిల్లలు పడుకునే ఏ గదికీ బయటి తాళం ఉండదని తీర్మానం రాసి, వార్డెన్ మీద నెట్టకుండా అధ్యక్షుడు, కార్యదర్శి సంతకం చేయండి. రెండో దారి తెరవండి. మందిరం తలుపులు బయటికి తెరుచుకునేలా మార్చండి, ఆరాధన జరిగేంతసేపూ అన్నీ తీసి ఉంచండి. గ్యాస్ సిలిండరును వంటగది గోడ బయటికి మార్చండి. పాత వైరింగు ఎలక్ట్రీషియన్‌తో చూపించండి. మంటలార్పే సిలిండరు కొని బీరువాలో దాచకండి. దాని ముల్లు పచ్చ గీతలో ఉందో లేదో నెలనెలా చూడండి. జనవరి, జూలై మరిచిపోకండి.

డిసెంబరు గురించి ప్రత్యేకంగా చెప్పాలి. గడ్డితో వేసిన పశువుల పాక, అందులో వెలిగే బల్బులు, చుట్టూ థర్మకోలు, పక్కన కొవ్వొత్తులు, పైన నైలాను షామియానా. 1995 డిసెంబరు 23న హర్యానాలోని డబ్వాలీలో బడి వార్షికోత్సవం షామియానాకు నిప్పంటుకుని 442 మంది చనిపోయారు. పందిరికి ఒక్క దారి సరిపోదని అక్కడ తేలింది. మన కన్వెన్షన్ పందిళ్ళకు ఎన్ని దారులు పెడుతున్నాం?

యౌవనస్థులారా, మీకు రెండు పనులు. మొదటిది, మీ మందిరంలో, మీ హాస్టల్లో నెలకోసారి ఖాళీ చేసే అభ్యాసం జరిపించండి. గంట కొట్టగానే ఎంతసేపట్లో అందరూ బయటికి వచ్చారో లెక్క పెట్టండి. చుట్టపుచూపుగా వచ్చిన బిడ్డను కూడా ఆ రాత్రి లెక్కలో రాయండి. చింతకొంట పాప మనకు నేర్పిన పాఠం అది. రెండోది, సమాచార హక్కు దరఖాస్తు. పది రూపాయల స్టాంపు. మహారాష్ట్రలో దరఖాస్తు 150 పదాలు దాటకూడదు, ఒకే విషయం మీద ఉండాలి. మరాఠీ చదువుకున్న మీ తరానికి అది పెద్ద పని కాదు. అహేరిలోని ఆదివాసీ అభివృద్ధి ప్రాజెక్టు కార్యాలయాన్ని, సిరొంచ గ్రామీణ ఆసుపత్రిని అడగండి. మీ కింద ఉన్న భవనాలకు గత జనవరి, జూలై ధ్రువపత్రాల నకళ్ళు ఇవ్వండి అని. 30 రోజుల్లో జవాబు రావాలి. జవాబు రాకపోతే పై అధికారికి అప్పీలు చేయండి.

ప్రభుత్వాన్ని అడుగుతున్నాం. సిరొంచ తాలూకాలోని ప్రతి ఆశ్రమశాల, వసతి గృహం, ఆసుపత్రి తనిఖీ నివేదికను ఆ భవనం గోడ మీదే అంటించండి. మరాఠీతో పాటు తెలుగులో, గోండిలో అంటించండి. తప్పు దొరికితే ఆయమ్మను కాదు, ఫైలు ఆపినవారిని పిలవండి.

ఆ హాస్టల్ వార్డెన్ గారికి మర్నాడు పొద్దున ద్వితీయోపదేశకాండము తీసి ఆ వచనం చూపించాం. ఆమె రెండుసార్లు చదివారు. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత, "కమిటీ ఒప్పుకోవాలి కదండీ" అన్నారు.

నిజమే. చెవి ఆమె చేతిలో ఉంది కానీ, తాళం కమిటీది. ఈ వ్యాసం ఆ కమిటీ కోసం.